పొలాన్ని పైనుంచి చూడండి, ఆ తర్వాత గునపం పట్టండి

ఉపగ్రహ పటాన్ని కంప్యూటర్‌లో ఎలా తెరవాలో వీడియోలో చూపించాను. ఆ పటం మన ప్రకృతి వ్యవసాయంలో దేనికి పనికొస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

పేడ, ఆచ్ఛాదనకు గడ్డి, మనుషుల శ్రమ - మూడూ మనకు పరిమితమే. ఉన్న ఘనజీవామృతం ఏ మూలకు ముందు వేయాలో తెలిస్తే సగం పని అయినట్టే.

యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు సుమారు 5 రోజులకోసారి మన పొలాన్ని ఫొటో తీస్తాయి. కోపర్నికస్ బ్రౌజర్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి. అందులో ఎన్‌డీవీఐ ఎంచుకుంటే పచ్చదనం లెక్క వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాతో కట్టేదే ఆ లెక్క. వట్టి నేలకు 0.1, 0.2 దగ్గర ఉంటుంది. దట్టమైన పైరుకు 0.7 దాటుతుంది.

ఒక్కో గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఎకరానికి 40 గడులు. గట్టు మీద చెట్లుంటే అంచు గడులను లెక్కలోకి తీసుకోకండి.

ఇక అసలు విషయం. ఒక్క ఏడాది బొమ్మ చూసి ఏదీ తేల్చకండి. నేను ఒకే పొలానికి నాలుగైదు ఏళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తాను. వానల్లో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి అక్టోబరు, నవంబరు బొమ్మలు మేలు. పైరు మారినా ఫర్వాలేదు. అదే పొలంలో మిగతా చోటుకంటే ఏ మూల వెనకబడిందో చూడాలి. ఒక్క ఏడాదే పాలిపోయిందంటే పురుగో, నీటి ఎద్దడో, మొలక తప్పడమో అయి ఉంటుంది. ప్రతి ఏడాదీ అదే చోట పాలిపోతుంటే మాత్రం లోపం ఎక్కువగా నేలలోనే ఉంటుంది.

అప్పుడు గునపం పట్టుకుని అక్కడికి వెళ్లండి. అక్కడొకటి, పైరు బాగున్న చోట ఒకటి, అడుగున్నర లోతు గుంతలు తీయండి. అడుగున గరప తగిలిందా? మట్టి గట్టిపడిందా? వానపాములు ఉన్నాయా? నీళ్లు పోస్తే ఎంతసేపట్లో ఇంకాయి? రెండు గుంతలనూ పోల్చి చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. నీరు నిలిచే చోటైతే ముందు కాలువ తీయాలి. ఘనజీవామృతం ఆ తర్వాతే. మట్టి పలచగా ఉంటే ఆచ్ఛాదన, నవధాన్యాలు అక్కడే మొదలుపెట్టాలి.

పచ్చదనం కనపడిందని మురిసిపోవద్దు. పటానికి కలుపు కూడా పచ్చగానే కనిపిస్తుంది.

నీటి కుంట తవ్వాలనుకునేవాళ్లు గూగుల్ ఎర్త్ ప్రోలో గీత గీసి ఎత్తుపల్లాలు చూడొచ్చు. ఊరి మొత్తం వాలు, వాగు దారి తెలియడానికి అది చాలు. రెండెకరాల చెలకలో అడుగు తేడాను అది పట్టుకోలేదు. దానికి గొట్టంలో నీళ్లు నింపి లెవెల్ చూసుకోవాల్సిందే. తవ్వాక కుంటను పక్కకు జరపలేం కదా!

పటం చోటు చూపిస్తుంది. కారణం చెప్పేది మట్టే. ఈ వేసవిలో, తొలకరికి ముందే మీ పొలంలో ఒక్క మూలైనా ఇలా పరీక్షించి చూడండి.