బడిలో పనిచేస్తూ డిగ్రీ చదవడం

పగలంతా బడిలో పెద్ద టీచరుకు సాయంగా ఉండి, పిల్లల చేత అక్షరాలు దిద్దించి, హోంవర్కు పుస్తకాలు సర్ది సాయంత్రం ఇల్లు చేరే యువతులు జార్జి టౌన్‌లో ఉన్నారు. వారిలో తెలుగు ఇళ్ల ఆడపిల్లలూ ఉన్నారు. వారు అడిగే ప్రశ్నలు రెండు. పని మానుకోకుండా డిగ్రీ సంపాదించవచ్చునా? సంపాదిస్తే టీచరుగా తీసుకుంటారా? మొదటిదానికి అవునని వెంటనే చెప్పవచ్చు. రెండోదానికి జవాబు అంత సులభం కాదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండో ప్రశ్న గురించే.

ముందుగా మాట విషయంలో ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 'స్కూల్ అసిస్టెంట్' అంటే సహాయకుడు కాదు. ఉన్నత పాఠశాలలో ఒక సబ్జెక్టు బోధించే, బి.ఇడి. చేసిన పూర్తి ఉపాధ్యాయుడు. మన పట్నంలో ప్రైవేటు బడులవారు 'అసిస్టెంటు' అనేది తరగతిలో టీచరుకు తోడుగా ఉండే మనిషిని. విజయవాడ చుట్టంతో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలియక చాలామంది తికమక పడతారు.

ఇలాంటి సహాయకుల చరిత్రలో మద్రాసుకు పెద్ద చోటే ఉంది. ఎగ్మూరులోని మగపిల్లల అనాథశరణాలయానికి 1789లో పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, ఈ ప్రాంతపు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు రాయడం చూశాడు. తన బడిలోనూ ఆ పద్ధతి పెట్టాలనుకుంటే అక్కడి ఉపాధ్యాయులకు నచ్చలేదు. చివరికి ఎనిమిదేళ్ల కుర్రవాడి చేత చిన్నపిల్లలకు పాఠం చెప్పించాడు. 1797లో లండన్‌లో అచ్చయిన అతని పుస్తకం వల్ల ఆ విధానానికి 'మద్రాసు పద్ధతి' అని పేరు వచ్చింది. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో, దేశీయ బడులలో పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే విధానాన్ని మెచ్చుకుంటూ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సమంజసమే అన్నాడు. అంటే పంతులు పక్కన నిలబడి పాఠం చెప్పే సహాయకులు మన వీధిబడుల్లో ముందునుంచీ ఉన్నవారే. ఆ సహాయకుడు తానెప్పుడు పంతులవుతాడన్నది మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

1911కి ముందు జార్జి టౌన్‌ను బ్లాక్ టౌన్ అనేవారు. అక్కడి పచ్చయప్ప పాఠశాలలో పరవస్తు చిన్నయసూరి తెలుగు చెప్పిన రోజుల్లో పట్టా అన్న సమస్యే లేదు. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడిన ఆ సంస్థ మొదట్లో పాఠాలు చెప్పేది కాదు, పరీక్షలు పెట్టేది. విశ్వవిద్యాలయం పని పరీక్షించడమే అయినప్పుడు, కాలేజీకి వెళ్లలేని ఉపాధ్యాయుడు ఇంట్లో చదువుకుని పరీక్ష రాయడానికి కొంత చోటు దొరికింది.

ఈ దారిన నడిచినవారిలో మనకు బాగా తెలిసిన వ్యక్తి గిడుగు రామమూర్తి. 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న తరగతికి చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరాడు. జీతం ముప్పై రూపాయలు. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఇప్పుడది ఒడిశాలో ఉంది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తిచేశాడు. బడిలో చేరిన నాటినుంచి లెక్కిస్తే పదహారేళ్లు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను చదివే విద్యార్థులు ఈ పదహారేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ కాలంలోనే ఆయన ఊరికి దగ్గరి కొండల్లోని సవరల భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ పని 1931లో సవర భాషా వ్యాకరణంగానూ 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువుగానూ ఫలించింది. పరీక్షకు ఆ భాషతో పని లేదు. పరీక్షాధికారులు అడగని చదువును, తాను పనిచేసే ఊరు అడిగిన చదువును, ఆయన పక్కపక్కనే సాగించాడు. విశ్వవిద్యాలయం ఆయనకు పరీక్ష రాసే హక్కు ఇచ్చింది కానీ చదువుకునే సమయం ఇవ్వలేదు. దాన్ని ఆయనే సంపాదించుకోవలసి వచ్చింది.

ఇప్పటి సంగతికి వద్దాం. మద్రాసు విశ్వవిద్యాలయం దూరవిద్యాసంస్థ 1981లో, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1985లో, తమిళనాడు సార్వత్రిక విశ్వవిద్యాలయం 2002లో మొదలయ్యాయి. వీటిలో ఏదో ఒకదానిలో పని మానకుండానే బి.ఏ. చదవవచ్చు. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో మూడేళ్ల బి.ఏ.ను ఆరేళ్లలోపు పూర్తిచేసే వెసులుబాటు ఉంది. ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్లకు నూటికి ముప్పై మార్కులు. ఇక్కడివరకు దారి బాగానే ఉంది.

చిక్కు డిగ్రీ చేతికి వచ్చాక మొదలవుతుంది. డిగ్రీ ఒక్కటే ఎవరినీ టీచరును చేయదు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010లో ప్రకటించిన అర్హతల ప్రకారం, ఒకటి నుంచి ఐదు తరగతులకు పన్నెండో తరగతిలో తగిన మార్కులు, దానిపైన ప్రాథమిక విద్యలో రెండేళ్ల డిప్లొమా, ఆపైన టెట్ పరీక్ష కావాలి. సహాయకురాలు పనిచేసేది ఎక్కువగా ఈ చిన్న తరగతుల్లోనే. ఆమె కష్టపడి బి.ఏ. చదివి, తరువాత బి.ఇడి. చేసిందనుకోండి. బి.ఇడి. చేసినవారు ఒకటి నుంచి ఐదు తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఏ పిల్లల మధ్య పదేళ్లు గడిపిందో ఆ పిల్లలకే ఆమె టీచరు కాలేదు. ఆరో తరగతి నుంచి పైకి వెళ్లాలి.

పోనీ బి.ఇడి.నైనా దూరవిద్యలో చదవవచ్చునా అంటే, అదీ అందరికీ కాదు. శిక్షణ పొంది ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకో, గుర్తింపు పొందిన శిక్షణను తరగతులకు వెళ్లి పూర్తిచేసినవారికో ఆ అవకాశం. సహాయకురాలికి ఆ శిక్షణ ఉండదు. ఆమె రెండేళ్లు రోజూ కాలేజీకి వెళ్లాలి, జీతం వదులుకోవాలి. శిక్షణ లేకుండా అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికోసం 2017లో తెరిచిన ప్రత్యేక డిప్లొమా అవకాశం 2019 మార్చి 31తో ముగిసింది. ఈ మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారని నా అభిప్రాయం. డిగ్రీ కష్టమై కాదు, ఇల్లు గడవక.

కాబట్టి క్రమం ముఖ్యం. చిన్న తరగతులే మీకు ఇష్టమైతే, డిగ్రీకి ముందే డిప్లొమా పూర్తిచేయండి. ఆ రెండేళ్లు గట్టెక్కితే డిగ్రీని తీరుబడిగా దూరవిద్యలో చదువుకోవచ్చు. డిప్లొమా తరువాత బి.ఇడి. కూడా దూరవిద్యలో దొరుకుతుంది. పై తరగతుల్లో తెలుగు చెప్పాలన్న కోరిక ఉంటే ముందు డిగ్రీ. ఏది ముందో తేల్చుకోకుండా ఫీజు కట్టకండి.

తెలుగు విద్యార్థులకు మరి రెండు సంగతులు. తమిళనాడు విశ్వవిద్యాలయాల డిగ్రీలో మొదటి భాగం భాషగా తమిళానికి బదులు తెలుగు తీసుకునే వీలుంది. చేరే చోట ఆ వీలు ఉందో లేదో ముందే అడగండి. తమిళనాడు టెట్‌లో కూడా మొదటి భాషగా తెలుగు ఎంచుకోవచ్చు. అయితే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షల్లో 2021 చివరినుంచి తమిళం పేపరు తప్పనిసరి అయింది. హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు మాధ్యమంలో బి.ఏ. ఉంది కదా అని కొందరు అడుగుతారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రం దాటి దూరవిద్యా కేంద్రాలు నడపకూడదన్నది నియమం. పైగా ఒక్కొక్క మెట్టూ ఎక్కకుండా పొందిన పట్టాలతో ప్రమాదముంది. మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక విధానంలో పొందిన ఎం.ఏ. చెల్లదని 2009లో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో తేల్చింది.

ఇంగ్లండులో 2001 నుంచి నడుస్తున్న 'ఫౌండేషన్ డిగ్రీ'ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. బడి సహాయకులకోసం ఉన్న ఈ చదువులో వారానికి ఒక పగలో ఒక సాయంత్రమో తరగతి. రాయవలసిన వ్యాసాలు తాము పనిచేసే తరగతి గదిలోనుంచే పుడతాయి. అక్కడ ఆమె ఉద్యోగం చదువుకు అడ్డు కాదు, పాఠ్యవిషయం. మన దూరవిద్యలో ఆమె పదేళ్ల అనుభవానికి ఒక్క మార్కు కూడా లేదు.

డిప్లొమాలో చేరాలనుకునేవారు పన్నెండో తరగతి మార్కుల జాబితాను ఇప్పుడే ఒకసారి తీసి చూసుకోవాలి. సాధారణంగా నూటికి యాభై ఉండాలి.