పాత జీన్స్‌తో బొంత

కామారెడ్డి జిల్లా బాన్సువాడ పరిసరాలతో సహా తెలంగాణ పల్లెల్లో పాత చీరలనూ ధోవతులనూ పొరలుగా పరచి, చేతికుట్టుతో కలిపి తయారుచేసే మందపాటి పరుపును బొంత అంటారు. ఆ పనికి మెత్తని నూలు బట్ట అలవాటు కాగా, జీన్స్ గుడ్డ స్వభావం వేరు. డెనిమ్ అంటే నీలిరంగు పడుగును, తెల్లని పేకను కలిపి ఏటవాలు గీతలు తేలేలా దట్టంగా నేసిన గుడ్డ. నీలిరంగు ఆ పోగు లోపలిదాకా ఇంకక పైపొరకే అంటుకొని ఉంటుంది కనుక ఒరిపిడికి వెలుస్తుంది, ఒకే ప్యాంటులో మోకాలి దగ్గర లేత నీలమూ జేబు కింద ముదురు నీలమూ కనిపిస్తాయి. డెనిమ్ బొంతకు అసలైన అందం ఈ ఛాయాభేదమే.

పాత దుస్తులతో బొంత కుట్టడం ఇక్కడికే పరిమితం కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, గీస్ బెండ్ అనే నల్లజాతి రైతుల ఊరిలో, మిజూరీ పెట్‌వే మరణించిన తన భర్త పని దుస్తులతో 1942లో కుట్టిన బొంత నేడు కళాఖండంగా గౌరవం పొందుతోంది.

ఇక జీన్స్ బొంత కుట్టే పద్ధతి: పాత ప్యాంట్లను ఉతికి ఆరబెట్టి, దళసరి అతుకులనూ జిప్పులనూ రాగి రివెట్లనూ తీసివేసి, 7 అంగుళాల చదరాలుగా కత్తిరిస్తే, ప్రతి వైపూ అర అంగుళం చొప్పున కుట్టు పోను 6 అంగుళాలు మిగులుతాయి. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుకు అలాంటివి 96 కావాలి. సాగే జీన్స్‌ను సాగని వాటితో కలిపితే బొంత ముడతలు పడుతుంది. డెనిమ్ స్వతహాగా బరువైనది కాబట్టి నడుమ దూది అవసరం లేదు, అడుగున పాత నూలుచీర చాలు. మిషన్‌కు 16 లేదా 18 నంబరు సూది వాడాలి; అతుకులు కలిసే మూలల్లో మాత్రం దబ్బనమే నమ్మకమైన సాధనం.