కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత మొదటి మూడు నెలలు: "బాగానే ఉన్నా కదా" అనిపించినప్పుడే జాగ్రత్త

పోయిన ఎపిసోడ్‌లో డయాలసిస్ గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న: "బ్రో, ట్రాన్స్‌ప్లాంట్ అయిపోతే ఇక ప్రాబ్లం లేనట్టే కదా?"

ఒక్క ముక్కలో చెప్తాను. ఆపరేషన్ డాక్టర్ల పని, కొన్ని గంటల్లో అయిపోతుంది. వచ్చిన కిడ్నీని కాపాడుకోవడం మన పని, దానికి సెలవుల్లేవు.

నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి కోడింగ్ చేసినవాణ్ణి. మా పిన్ని కొడుకుకి, అంటే నాకు వరసకి అన్నయ్యకి, ట్రాన్స్‌ప్లాంట్ జరిగింది. కిడ్నీ ఇచ్చింది మా పిన్నే. ఆ మూడు నెలలు ఫైల్ పట్టుకుని వాళ్లతో తిరిగింది నేను. అక్కడ చూసింది, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది చెప్తాను. మందులు, డోసుల విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే ఫైనల్.

మొదటి వారం

పాత కిడ్నీలు తీసేసి ఆ ప్లేస్‌లో కొత్తది పెడతారని చాలామంది అనుకుంటారు. మామూలుగా పాతవాటిని కదపరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెట్టి, అక్కడి రక్తనాళాలకి, మూత్రాశయానికి కలుపుతారు. అంటే మా అన్నయ్య ఒంట్లో ఇప్పుడు మూడు కిడ్నీలున్నాయి, పనిచేసేది ఒకటి.

బతికున్నవాళ్లు ఇచ్చిన కిడ్నీ చాలాసార్లు ఆపరేషన్ టేబుల్ మీదే మూత్రం తయారుచేయడం మొదలుపెడుతుంది. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి, మన దగ్గర జీవన్‌దాన్ ద్వారా వచ్చేవి, మేల్కోవడానికి ఒక్కోసారి కొన్ని రోజులు, వారాలు కూడా పట్టొచ్చు. ఈలోగా డయాలసిస్ చేస్తారు. అది చూసి "ఆపరేషన్ ఫెయిలైంది" అని ఇంట్లోవాళ్లు ఏడవక్కర్లేదు.

సాధారణంగా మర్నాడే లేపి నడిపిస్తారు. నాలుగైదు రోజులకి మూత్రం పైపు తీస్తారు. అంతా బాగుంటే వారం, పది రోజుల్లో ఇంటికి పంపిస్తారు. మూత్రనాళంలో స్టెంట్ అని చిన్న గొట్టం పెట్టి ఉంటే, కొన్ని వారాల తర్వాత దాన్ని తీసేస్తారు. ఆ డేట్ ఫైల్ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. డయాలసిస్ మీద ఉన్నంతకాలం మా అన్నయ్య నీళ్లు గ్లాసుతో కొలుచుకుని తాగాడు. దాహమేస్తే ఐస్ ముక్క చప్పరించేవాడు. ఇప్పుడేమో రోజుకి మూడు లీటర్లు తాగమన్నారు. పాపం, మొదటిరోజు బాటిల్ చేతిలో పట్టుకుని "నిజంగా తాగొచ్చా?" అని నర్సుని మూడుసార్లు అడిగాడు. ఎవరు ఎంత తాగాలనేది మూత్రం ఎంత వస్తుందో చూసి డాక్టర్ చెప్తారు.

ఒంటికి అది పరాయిదే

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే టీమ్ మొదటిసారి విజయవంతంగా కిడ్నీ మార్చింది. ఇచ్చింది రోనాల్డ్ హెరిక్, తీసుకుంది రిచర్డ్ హెరిక్. ఇద్దరూ ఒకేలాంటి కవలలు. అది సక్సెస్ అవడానికి అసలు కారణం అదే. కవలల కిడ్నీ కాబట్టి రిచర్డ్ శరీరం దాన్ని తనదే అనుకుంది. ఆయన ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు. మర్రేకి 1990లో నోబెల్ వచ్చింది.

మనలో ఎంతమందికి కవల తోబుట్టువులుంటారు? కన్నతల్లి ఇచ్చినా సరే, మన ఇమ్యూన్ సిస్టమ్ లెక్కలో అది బయటనుంచి వచ్చిన వస్తువే. పట్టుకుని దాడి చేస్తుంది. దీన్నే రిజెక్షన్ అంటారు. దాన్ని ఆపడానికే ఇమ్యూనిటీని కావాలని తగ్గించే మందులు ఇస్తారు. ఎక్కువమందికి ఉండేవి టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. ఎక్కువైతే ఇన్ఫెక్షన్లు, తక్కువైతే రిజెక్షన్. మొదటి నెలలంతా ఈ రెండింటి మధ్య తాడు మీద నడకే.

అందుకే టైమ్ ముఖ్యం. రోజుకి రెండుసార్లు వేసుకునే టాక్రోలిమస్‌కి మధ్యలో 12 గంటల గ్యాప్ ఉండాలి. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి. ఒక డోస్ మర్చిపోతే తర్వాతిసారి రెండు కలిపి వేసుకోకండి, హాస్పిటల్‌కి ఫోన్ చేయండి.

ఇంకో ముఖ్యమైన పాయింట్. టాక్రోలిమస్ లెవెల్ టెస్ట్ ఉన్నరోజు పొద్దున ఆ మాత్ర వేసుకోకుండా ల్యాబ్‌కి వెళ్లాలి. రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. వేసుకుని వెళ్తే రిపోర్ట్‌లో తప్పు నంబర్ వస్తుంది, దాన్ని చూసి డోస్ మార్చేస్తారు.

లోపల జరిగేది బయటకి కనిపించదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. నాలుగో వారానికి మా అన్నయ్య మొహంలో కళ వచ్చేసింది. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, కాళ్ల వాపు లేదు. అదే వారం మా చుట్టాల్లో పెళ్లి. "వారానికి రెండుసార్లు రక్తం తీస్తున్నారు, ఈ ఒక్కసారికి మానేస్తే ఏమవుతుంది? నేను బాగానే ఉన్నా కదా" అన్నాడు. మా పిన్ని ఒక్కటే మాట అంది: "నాది ఇంకోటి ఇవ్వడానికి లేదు నాయనా." మారు మాట్లాడకుండా బయల్దేరాడు.

ఆరోజు క్రియాటినిన్ 1.9 వచ్చింది. ముందు వారం 1.2. ఒంట్లో ఏ తేడా లేదు, జ్వరం లేదు, నొప్పి లేదు. బయాప్సీ చేస్తే రిజెక్షన్ మొదలైందని తేలింది. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చాక తగ్గి 1.4 దగ్గర ఆగింది. త్వరగా దొరికింది కాబట్టి గట్టెక్కాం.

సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్ మెసేజ్ రాకుండా లోపల్లోపల పాడయ్యే బగ్ ఉంటుంది చూడండి, ఇదీ అంతే. లాగ్ తెరిచి చూస్తే తప్ప తెలియదు. ఇక్కడ లాగ్ అంటే బ్లడ్ టెస్టే. మొదట వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి, ఆపైన ఇంకా గ్యాప్ పెంచుతారు. అసలే మానేయడం మాత్రం ఉండదు.

ఇమ్యూనిటీ పెంచేవి వద్దు

కోవిడ్ తర్వాత మన ఇళ్లలో అందరూ ఇమ్యూనిటీ ఎక్స్‌పర్ట్‌లే. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టం తిప్పతీగ కషాయమో, ఏదో పొడో తెచ్చిస్తాడు. ప్రేమతోనే తెస్తారు. కానీ మనం మందులతో తగ్గిస్తున్నదాన్ని ఇవి రెచ్చగొట్టే ప్రమాదం ఉంది. దండం పెట్టి పక్కన పెట్టేయండి.

పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు. అవి టాక్రోలిమస్ లెవెల్‌ని పెంచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ అంటే మన ద్రాక్ష కాదు, కమలా జాతి పండు. కొబ్బరినీళ్లు కూడా పొటాషియం రిపోర్ట్ చూసి డాక్టర్ ఓకే అన్నాకే. పానీపూరి, రోడ్డు పక్క కోసిపెట్టిన పండ్లు, పచ్చిపాలు, సగం ఉడికిన గుడ్డు వద్దు. మూడు నెలలు జనాల్లోకి వెళ్తే మాస్క్ ఉండాల్సిందే.

ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనేసుకోకండి, కిడ్నీకి దెబ్బ. యాంటీబయాటిక్, ఫంగస్ మాత్ర కూడా సొంతంగా వద్దు, కొన్ని టాక్రోలిమస్ లెవెల్‌ని అమాంతం మార్చేస్తాయి.

మొహం గుండ్రంగా అవ్వడం, చేతులు వణకడం, షుగర్ పెరగడం, చికాకు, నిద్రపట్టకపోవడం... ఇవి మందుల వల్ల రావొచ్చు. డాక్టర్‌కి చెప్తే డోస్ సర్దుతారు. అద్దంలో మొహం నచ్చలేదని మాత్రలు మాత్రం ఆపొద్దు.

వెంటనే ఫోన్ చేయాల్సినవి

జ్వరం 100.4 దాటినా, మూత్రం తగ్గినా, ఒక్కరోజులో కిలో బరువు పెరిగినా, కాళ్లు, మొహం వాచినా, కుట్ల దగ్గర చీము వచ్చినా, కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి వచ్చినా, వాంతులై మాత్రలు నిలవకపోయినా "రేపు చూద్దాం" అనొద్దు. రోజూ పొద్దున బరువు, బీపీ, జ్వరం ఒక నోట్‌బుక్‌లో రాయండి.

నడక మంచిదే. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ లాంటి బరువులు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎత్తొద్దు. బండి నడపడం, ఆఫీస్‌కి వెళ్లడం డాక్టర్‌ని అడిగాకే. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆపరేషన్ జరిగితే, తర్వాత వాడాల్సిన మందుల సంగతి డిశ్చార్జ్‌కి ముందే ఆరోగ్యమిత్రని అడగండి. డబ్బుల్లేక మాత్రలు ఆగిపోయినా కిడ్నీ పోతుంది.

ఇచ్చినవాళ్లూ పేషెంటే

అందరూ మా అన్నయ్యనే పలకరించారు. మూడో వారానికే మా పిన్ని వంటగదిలో నిలబడి కూరలు తరుగుతోంది. ఆవిడ పొట్టకీ కుట్లు పడ్డాయి, ఆవిడకీ నొప్పి ఉంటుంది. దాతకీ నెల, నెలన్నర రెస్ట్ కావాలి, ఆ తర్వాత ఏటా చెకప్ కావాలి. మీ ఇంట్లో అలాంటి అమ్మ ఉంటే, ముందు ఆవిడ చేతిలో కత్తిపీట తీసుకోండి.

ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని పెంచుకుంటున్నారు. భయపడటానికి కాదు ఈ ఎపిసోడ్. మాత్ర టైమ్‌కి వేసుకోండి, టెస్ట్ రోజు ల్యాబ్‌కి వెళ్లండి, ఒంట్లో బాగున్నరోజు కూడా. మీకు తెలిసినవాళ్లెవరైనా ఈమధ్యే ఇంటికొచ్చి ఉంటే ఇది వాళ్లింట్లోవాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.