ఓ చేతిలో డంబెల్... ఓ చేతిలో నవల!

"మీ హాబీలేమిటి?"

ఆ రోజుల్లో ఈ ప్రశ్న కనబడని సినిమా పత్రిక ఉండేది కాదు. తారల ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న. కలంస్నేహం శీర్షికలోనూ ఇదే ప్రశ్న. జవాబులు కూడా దాదాపు ఒకటే! "ఎక్సర్‌సైజు చేయడం, నవలలు చదవడం, సినిమాలు చూడడం. అభిమాన రచయిత ఫలానా."

ఆ ఫలానా అన్నచోట ఒక తరం యద్దనపూడి సులోచనారాణి పేరు రాసింది. తర్వాతి తరం యండమూరి వీరేంద్రనాథ్ పేరు రాసింది. మల్లాది వెంకట కృష్ణమూర్తి పేరు రాసినవాళ్లూ బోలెడుమంది.

ఇప్పుడు కలంస్నేహాలు లేవు, ఇన్‌స్టాగ్రామ్ ఉంది. అక్కడ పేరు కింద కుర్రకారు రాసుకునే లైను చూడండి... "ఫిట్‌నెస్, బుక్స్, మూవీస్!" చోటు మారింది గానీ జవాబు మారలేదు.

మరి రాసుకున్నదాంట్లో చేసేదెంత? అసలు ప్రశ్న ఇదీ!

ముందు నా సంగతి ఒప్పేసుకుంటాను. కాలేజీ రోజుల్లో నేనూ కలంస్నేహానికి రాశాను. హాబీ: ఎక్సర్‌సైజు! అప్పటికి నేను చేసిన ఎక్సర్‌సైజల్లా మేడ మీద మూడు రోజులు తీసిన దండీలు, బస్కీలు. నాలుగో రోజు ఒళ్లునొప్పులతో మంచం దిగలేదు. దండీలు అక్కడితో ఆగిపోయాయి. హాబీ మాత్రం అచ్చులో మిగిలిపోయింది!

పావలా అద్దెకి ఓ ప్రపంచం

నవలల విషయంలో మాత్రం మావాళ్లు అబద్ధం చెప్పలేదు.

వీధి చివర అద్దె పుస్తకాల షాపు. కొంత డిపాజిట్, రోజుకి పావలా అద్దె. ఒక్కరోజు అద్దెతో ఇంటిల్లిపాదీ చదివేయాలి. అన్నయ్య కాలేజీకి వెళ్లగానే వదిన చేతికి, వదిన వంటింట్లోకి వెళ్లగానే చెల్లాయి చేతికి! సస్పెన్స్ నవలైతే ఆఖరి పేజీ ఉందో లేదో షాపులోనే చూసుకోవాలి. లేకపోతే హంతకుడెవరో షాపువాణ్ణే అడగాల్సి వచ్చేది.

వారపత్రికల్లో సీరియల్స్ సంగతి ఇంకా ముచ్చట. వారం వారం ఆ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, సీరియల్ అయిపోయాక దారంతో కుట్టి అట్ట వేసుకునేవారు. 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో పత్రిక ఇంటికొస్తే చాలు, పెనుగులాటే. చదివేది పగలు, భయపడేది రాత్రి!

మా అక్కయ్య చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆమె కాలేజీ ఆ కుట్టుకున్న సీరియల్ కట్టలే. పెళ్లయి వెళ్తూ చీరలతో పాటు రెండు కట్టలు పెట్టెలో పెట్టుకుంది. ఈమధ్య కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. డాక్టరుగారిని ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "మళ్లీ ఎప్పట్నించీ చదువుకోవచ్చండీ?"

హాబీ అంటే అదీ! ఇంకెవరూ అడగకపోయినా మనతో ఉండేది.

నవల నుంచి వెండితెరకి

ఈ పాఠకుల అభిమానం నిర్మాతలకి తెలియకుండా ఉంటుందా? కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆమెదే 'ప్రేమ్‌నగర్' 1971లో సినిమాగా వచ్చి, తర్వాత తమిళంలో శివాజీ గణేశన్‌తో 'వసంత మాళిగై'గా, హిందీలో రాజేష్ ఖన్నాతో మళ్లీ 'ప్రేమ్‌నగర్'గా తయారైంది. ఒక తెలుగు రచయిత్రి కలం మూడు భాషల్లో ముగ్గురు హీరోలకి కథ ఇచ్చింది!

యద్దనపూడి నవలలైతే వరస కట్టాయి. 'విజేత' 1972లో 'విచిత్ర బంధం' అయింది. 1973లో 'మీనా', 'జీవన తరంగాలు' వచ్చాయి. 1976లో 'సెక్రటరీ'. అందులో రాజశేఖరం పాత్రని అంతకుముందే వేలమంది అమ్మాయిలు తమ ఊహల్లో గీసుకున్నారు. తెర మీద అక్కినేనిని చూసి "మా రాజశేఖరం ఇలాగే ఉంటాడు" అన్నవాళ్లున్నారు. "ఇలా ఉండడు" అని దెబ్బలాడినవాళ్లూ ఉన్నారు! చూశారా, నవల చదివినవాడికి సినిమాతో పోట్లాడే హక్కు కూడా వస్తుంది.

1980లలో ఊపు యండమూరిది. ఉరిశిక్ష రద్దు కోసం ప్రాణం పణంగా పెట్టే లాయరు కథ 'అభిలాష' 1983లో చిరంజీవి హీరోగా వచ్చింది. అయిదేళ్లలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కాసే కుర్రాడి కథ 1984లో 'ఛాలెంజ్' అయింది. దానికి మూలమైన నవల పేరు 'డబ్బు టు ది పవరాఫ్ డబ్బు'. 1986లో మల్లాది 'చంటబ్బాయి' జంధ్యాల చేతిలో పడి నవ్వుల పువ్వులు పూయించింది.

టీవీలో ఈ సినిమాలు చూసి ఇప్పటికీ నవ్వుకుంటాం, డైలాగులు చెప్పుకుంటాం. ఆ నవలలు చదివామా? సినిమాకి ఉన్నది రెండున్నర గంటలే. మిగిలిన కథంతా నవలలోనే ఉండిపోయింది మరి!

కండలు హీరోవేనా?

హీరో సిక్స్ ప్యాక్ చూసి ఈలలు వేస్తాం. అభిమానం మంచిదే. కానీ ఈల వేస్తే కరిగేది గొంతులో తడి, పొట్టలో కొవ్వు కాదు!

ఎన్టీఆర్‌ని చూడండి. 'నర్తనశాల' 1963లో వచ్చింది. బృహన్నల పాత్ర కోసం నలభయ్యో పడిలో, అగ్రనటుడై ఉండి కూడా, వెంపటి చినసత్యం దగ్గర కూచిపూడి అభ్యసించారు. అక్కినేనికి 1974లో గుండె ఆపరేషన్ జరిగింది. ఇక సినిమాలు చేస్తారా అనుకున్నవాళ్లకి 1976లో 'సెక్రటరీ'తో, 1981లో 'ప్రేమాభిషేకం'తో జవాబిచ్చారు. 2014లో కన్నుమూసే ముందు కూడా 'మనం'లో నటించారు. మనకి కనిపించేది తెర మీది మూడు గంటలు. దాని వెనక క్రమశిక్షణ పోస్టర్ మీద కనబడదు.

పరిగెత్తిన రచయిత

"హీరోకంటే తప్పదు, రచయితకి వ్యాయామమెందుకండీ?" అంటారేమో. జపాన్‌లో ఓ రచయిత ఉన్నారు. పేరు హరుకి మురకామి. ముందు టోక్యోలో జాజ్ సంగీతం వినిపించే బార్ నడిపేవారు. అది వదిలేసి పూర్తిగా రచనకి కూర్చున్నాక ఒళ్లు పెరగసాగింది, సిగరెట్లు పెరిగాయి. 1982లో పరుగు మొదలెట్టారు. మర్నాటి ఏడాదే గ్రీసులో ఏథెన్స్ నుంచి మారథాన్ ఊరి దాకా పరిగెత్తారు! 1996లో ఏకబిగిన వంద కిలోమీటర్లు. 2007లో పరుగు మీదే ఓ పుస్తకం రాశారు. పెద్ద నవల రాయడానికి పెద్ద పరుగుకి కావలసినంత ఓపిక కావాలన్నది ఆయన అనుభవం.

ఆయన కథే 'డ్రైవ్ మై కార్' సినిమాగా 2021లో వచ్చి, 2022లో ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. చూశారా... వ్యాయామం, నవల, సినిమా మూడూ ఒక్క మనిషి దగ్గరే కలిశాయి!

ఇరవై... ఇరవై!

ఇవన్నీ చెప్పింది మిమ్మల్ని వంద కిలోమీటర్లు పరిగెత్తమని కాదు. పొద్దున్నే ఇరవై బస్కీలు, రాత్రి పడుకునే ముందు ఇరవై పేజీలు. ఖర్చు లేదు, జిమ్ ఫీజు లేదు. రోజుకి ఇరవై పేజీల లెక్కన మూడు వందల పేజీల నవల పదిహేను రోజుల్లో పూర్తవుతుంది. అంటే ఏడాదికి ఇరవై నాలుగు నవలలు! అద్దె షాపులు మూతబడితేనేం, ఊళ్లో గ్రంథాలయం ఉంది, అమ్మమ్మగారి అటక మీద పాత కట్టలున్నాయి, చేతిలో ఫోనూ ఉంది.

ఒక్కటే జాగ్రత్త. నాలుగో రోజు ఒళ్లు నొప్పులొస్తాయి. ఆ రోజు మానకండి. నేను మానేశాను. ఇప్పుడు డాక్టరుగారు షుగరని చెప్పి, రోజూ ముప్పావుగంట నడవమంటున్నారు. హాబీగా చేయాల్సింది మందుగా చేస్తున్నాను!

ఈసారి మీరు "ఫిట్‌నెస్, బుక్స్" అని రాసుకునేటప్పుడు అది నిజమే అయి ఉండాలని నా కోరిక. మీ అభిమాన రచయిత ఎవరని ఎవరైనా అడిగితే పేరు చెప్పండి. ఆఖరున చదివిన నవలేదని అడిగితే... తడుముకోకుండా అదీ చెప్పండి!