మూసిన తలుపంటే భయమా?

భయం లేని మనిషి ఉండడు. పామును చూసి ఒకరు, లెక్కల పరీక్షను చూసి మరొకరు భయపడతారు. ఆ భయాలు అందరికీ అర్థమవుతాయి. కానీ లిఫ్టు ఎక్కమంటే చెమటలు పట్టేవారిని, బాత్‌రూమ్‌లో గడియ వేసుకోలేనివారిని చూస్తే మాత్రం "ఇంత పిరికివాడివేంట్రా!" అని నవ్వుతారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. పీజీలో మనస్తత్వ శాస్త్రం చదివేదాకా ఈ భయానికి ఒక పేరుందనీ, వైద్యముందనీ మాకు చెప్పినవారు లేరు. తెలుసుకున్న నాలుగు మాటలు తమ్ముళ్ళతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ఏమిటీ భయం?

మూసి ఉన్న చోట్లలో కలిగే అతి భయాన్ని 'క్లాస్ట్రోఫోబియా' అంటారు. 'క్లాస్ట్రమ్' అంటే లాటిన్‌లో మూసి ఉన్న చోటు. 'ఫోబోస్' అంటే గ్రీకులో భయం. ఫ్రాన్స్‌లో పనిచేసిన బెంజమిన్ బాల్ అనే వైద్యుడు 1879లో ఈ పేరు వాడాడు. లిఫ్టు, కిటికీ లేని గది, సొరంగం, కిక్కిరిసిన బస్సు వంటి చోట్ల ఇది బయటపడుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, కాళ్ళు వణుకుతాయి, ఊపిరాడక చచ్చిపోతామేమో అనిపిస్తుంది.

ఇందులో రెండు భయాలు కలిసి ఉంటాయని రాక్‌మన్, టేలర్ అనే శాస్త్రవేత్తలు 1993లో వివరించారు. ఒకటి, గాలి అందదేమోనన్న భయం. రెండోది, కదలలేక చిక్కుకుపోతామన్న భయం. మనలో చాలామందిమి ఒక్క గది ఇంట్లో ఆరేడుగురి మధ్య పెరిగినవాళ్ళమే. అది ఎంత ఇరుకైనా తలుపు తీసే ఉండేది. ఉక్కపోస్తే వాకిట్లో మంచం వాల్చుకునేవాళ్ళం. అలా పెరిగినవాడే పట్నంలో విశాలమైన ఏ.సి. గదిలో, కిటికీలు తెరుచుకోవని తెలిసి ఇబ్బంది పడవచ్చు. గది ఎంత పెద్దదన్న దానికంటే బయటికి దారి ఉందా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం.

ఎందుకు వస్తుంది?

మన మెదడులో 'అమిగ్డలా' అనే బాదంగింజంత భాగం ఉంది. ప్రమాదాన్ని పసిగట్టి, పారిపోవడానికి శరీరాన్ని సిద్ధం చేయడంలో దానికి ముఖ్య పాత్ర ఉంది. ఈ భయం ఉన్నవారిలో ప్రమాదం లేకపోయినా ఆ గంట మోగుతుంది. చిన్నతనంలో ఎవరైనా గదిలో పెట్టి గడియ వేసి ఉండవచ్చు. ఇంట్లో పెద్దల భయాన్ని చూసి నేర్చుకుని ఉండవచ్చు. కొందరిలో ఏ కారణమూ కనబడదు.

భయపడినప్పుడు గబగబా ఊపిరి తీస్తాం. దానితో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అది చూసి గాలి చాలడం లేదనుకుని ఇంకా భయపడతాం. నిజానికి లిఫ్టులోకి గాలి వచ్చే సందులు ఉంటాయి.

లిఫ్టు మానేసి మెట్లెక్కితే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. కానీ 'తప్పించుకున్నాను కాబట్టే బతికాను' అని మెదడు నేర్చుకుంటుంది. భయం ముదురుతుంది. చివరికి ఇంటర్వ్యూలూ, అవసరమైన ఎం.ఆర్.ఐ. స్కానింగులూ కూడా వదులుకునే పరిస్థితి వస్తుంది.

ఎలా తగ్గుతుంది?

1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, కుందేలును చూస్తే భయపడే పీటర్ అనే మూడేళ్ళ పిల్లవాడి గురించి రాసింది. వాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును మొదట దూరంగా, తర్వాత కొంచెం కొంచెం దగ్గరగా తెచ్చింది. చివరికి వాడు దాన్ని నిమిరాడు. ఈనాటి చికిత్సకు కూడా మూలం ఈ మెట్టు మెట్టు పద్ధతే. మొదట లిఫ్టు ముందు నిలబడాలి. తర్వాత స్నేహితుడితో ఒక అంతస్తు, ఆ తర్వాత ఒంటరిగా ఒక అంతస్తు. ప్రతి మెట్టు దగ్గర భయం పెరిగి, దానంతటదే తగ్గేదాకా ఆగాలి. ఊపిరి నెమ్మదిగా, పొడవుగా వదలాలి. లిఫ్టు ఆగిపోతే అలారం నొక్కాలి. తలుపులు బలవంతంగా తెరవకూడదు. స్కానింగుకు వెళ్తే భయం సంగతి సిబ్బందికి ముందే చెప్పాలి. పిలవడానికి చేతికి బజర్ ఇస్తారు. భయం చదువుకో, పనికో అడ్డం వస్తుంటే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. 2022లో మొదలైన ప్రభుత్వ 'టెలి మానస్' నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన హాస్టళ్ళలో

తమాషాకని జూనియర్‌ను సామాన్ల గదిలోనో బాత్‌రూమ్‌లోనో పెట్టి బయట గడియ వేయడం హాస్టళ్ళలో జరిగే పనే. వేసినవాడికది రెండు నిమిషాల నవ్వు. లోపలివాడికి ఏళ్ళ తరబడి పోని భయం కావచ్చు. ర్యాగింగ్ పేరుతో నిర్బంధించడం 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా. అంతకంటే ముందు, ఇల్లు వదిలి వచ్చిన పసివాడికి ఇక్కడ అన్నలం మనమేనని గుర్తుంచుకోవాలి.

భయపడేవాడిని ఒక్కసారిగా లిఫ్టులోకి తోస్తే ధైర్యం రాదు. పక్కన నిలబడితే వస్తుంది. ఈ రాత్రి కొత్తగా చేరిన తమ్ముడు తలుపు దగ్గరో కిటికీ పక్కనో పడుకుంటానంటే, ఎందుకని నిలదీయకుండా మీ చాప కాస్త జరిపి చోటివ్వండి.