మోత పోయింది... పాట మిగిలింది!

"తమ్మీ, పైపు మంచిగనే ఏసిన. బయటికెల్లి ఇంటే సన్నాయి ఊదినట్టున్నది. లోపల కూసుంటే మాత్రం తేనెతుట్టె నెత్తి మీద పెట్టుకున్నట్టు గుంయ్‌మంటున్నది. కస్టమర్ వాపస్ తెచ్చిండు. పైపుల పైసలు నా జీతంల పట్టుకుంటా అంటుండు అర్బాబ్..."

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ గ్యారేజీలో వెల్డర్‌గా చేసే మా జగిత్యాల అన్న ఒక రాత్రి ఫోన్లో చెప్పిన మాటలివి. పదిహేనేళ్లుగా ఆర్గాన్ వెల్డింగ్ చేస్తున్న మనిషి. ఆయన వేసిన కుట్టు మీద గోరు పెట్టి గీసినా తగలదు. అలాంటి ఆయన గొంతులో ఆ భయం వింటే ఉండబట్టలేదు. ఆదివారం సెలవు రోజున బస్సెక్కి వెళ్లాను.

బండి 1972 మోడల్ డాట్సన్ 240జెడ్. ముక్కు పొడుగ్గా, వెనక కురచగా ఉండే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నిస్సాన్ కంపెనీ 1969లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో తెచ్చి, బయటి దేశాల్లో 240జెడ్‌గా 1973 దాకా అమ్మింది. వరసగా 6 సిలిండర్లు, 2393 సీసీ, రెండు కార్బురేటర్లు. ఈ బండి ఓనర్‌కి అది వాళ్ల నాన్న జ్ఞాపకం. రేసు పెడితే పాత రోజుల్లోలా పాడాలి, ముసలి తల్లిని ఎక్కించుకుని అల్ ఐన్ దాకా వెళ్లిరావాలి. ఇవీ ఆయన కోరికలు. మా అన్న పాత తుప్పు పైపు పీకేసి 63 మిల్లీమీటర్ల స్టీలు పైపు, కొత్త సైలెన్సర్ వేశాడు. పాట వచ్చింది గానీ దాంతోపాటు మోత కూడా వచ్చింది.

ఇంకా పెద్ద సైలెన్సర్ వేస్తే సరిపోతుంది కదా అంటారా? గ్యారేజీలో అందరూ అదే అన్నారు. అక్కడే పొరపాటు.

శబ్దం వేరు, మోత వేరు

బండిలో కూర్చుని వెళ్లి చూశాం. 60లో ఏమీ లేదు. 80లో ఏమీ లేదు. ఐదో గేరులో 100 తగలగానే చెవుల్లో గుంయ్‌మని మొదలైంది. 110 దాటాక మెల్లగా తగ్గింది. అంటే బండి మొత్తం గోల చేయడం లేదు, ఒక్క స్పీడు దగ్గర ఒకే ఒక్క శ్రుతి పట్టుకుని ఊదుతోంది.

దానికో లెక్క ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి పేలుతుంది. కాబట్టి ఆర్‌పీఎంను 60తో భాగించి, సిలిండర్లలో సగంతో గుణిస్తే సెకనుకు ఎన్ని దెబ్బలో తెలుస్తుంది. 100 స్పీడులో ఈ బండి 2800 ఆర్‌పీఎం తిరుగుతోంది. 60తో భాగించి 3తో గుణిస్తే 140. ఫోన్లో శ్రుతి చూపించే యాప్ పెడితే గీత సరిగ్గా 140 హెర్ట్జ్ దగ్గరే నిక్కి నిలబడింది. అక్షరాలా అదే.

వేడి పొగలో 140 హెర్ట్జ్ అల పొడవు 3 మీటర్ల పైమాటే. సైలెన్సర్లో కుక్కే గ్లాస్ వూల్ మందం నాలుగు వేళ్లు ఉండదు. సన్నటి కీచు శబ్దాలను అది మింగుతుంది గానీ ఇంత లావు అలకు అదేమాత్రం అడ్డు కాదు. పైగా ఈ బండికి వెనక డిక్కీ వేరుగా లేదు. వెనక తలుపు నుంచి డ్రైవరు వీపు దాకా అంతా ఒకే డబ్బా. మోతకు ఇంకేం కావాలి!

ముందు రబ్బరు హ్యాంగర్లు, ఇంజిన్ మౌంటింగులు చూశాం. ఒక చోట పైపు బాడీకి ఆనుతోంది. సరిచేస్తే కొంచెం తగ్గింది, పోలేదు.

డిప్లొమా లెక్క తప్పింది

ఇలాంటి మోతకు మందు మూతి మూసిన పైపు ముక్క. మెయిన్ పైపు పక్కన ఒక కొమ్మలా వెల్డింగ్ చేసి చివర మూసేస్తారు. వంచితే జె ఆకారంలో ఉంటుంది కాబట్టి జె పైపు అంటారు. అల దాంట్లోకి వెళ్లి, మూసిన చివరను కొట్టుకుని వెనక్కి వస్తుంది. పైపు పొడవు అల పొడవులో సరిగ్గా నాలుగో వంతు ఉంటే, తిరిగొచ్చే అల కొత్తగా వచ్చే అలకు ఎదురు పడుతుంది. ఉయ్యాల మన వైపు వస్తుండగానే ఎదురు తోస్తే ఆగిపోతుంది చూడండి, అట్లా! పొగ దారికి అడ్డేమీ ఉండదు కాబట్టి ఇంజిన్ బలమూ తగ్గదు. ఆ ఒక్క శ్రుతే పోతుంది, మిగతా పాట అలాగే ఉంటుంది.

పొడవెంత? ధ్వని వేగాన్ని హెర్ట్జ్‌తో, మళ్లీ 4తో భాగించాలి. నేను డిప్లొమా పుస్తకంలో గుర్తున్నట్టు గాలిలో వేగం సెకనుకు 349 మీటర్లు వేశాను. 62 సెంటీమీటర్లు వచ్చింది. "కోసెయ్ అన్నా" అన్నాను ధీమాగా.

పైపు విప్పి కింద పెట్టి వెల్డింగ్ చేశాడు. (బండి మీదే వెల్డింగ్ వద్దు. పెట్రోల్ ట్యాంకు పక్కనే ఉంటుంది.) బిగించి మళ్లీ రోడ్డెక్కాం. 100 దగ్గర మోత అలాగే ఉంది! నా మొహం మాడిపోయింది. అన్న మాత్రం ఏమీ అనకుండా స్పీడు పెంచమన్నాడు. 120 దగ్గర బండి లోపల ఎంత నిశ్శబ్దమంటే వాచీ టిక్కుటిక్కులు వినిపించాయి.

"తమ్మీ, మనూర్ల సన్నాయి జూసినవా? పొట్టి సన్నాయి సన్నగ పల్కుతది, పొడుగుది లావుగ పల్కుతది. మన పైపు 120కి పల్కుతున్నదంటే పొట్టిగైంది. పొడుగు చెయ్యాలె."

ఏడో క్లాసు చదివిన మనిషి! అప్పుడు వెలిగింది నాకు. నేను వేసింది చల్లగాలి వేగం. ఎగ్జాస్టులో పొగ 250 డిగ్రీలు ఉంటే ధ్వని సెకనుకు దాదాపు 458 మీటర్లు పరిగెత్తుతుంది. అలా లెక్కేస్తే 82 సెంటీమీటర్లు వచ్చింది. ఈసారి 82 కోయమన్నాను. అన్న ఒప్పుకోలేదు. "నీ లెక్క నీ దగ్గరుండనీ" అని, కొమ్మ చివర ఒకదాంట్లో ఒకటి జరిగే పైపు పెట్టి క్లాంపు బిగించాడు. జరుపుతూ, తిరిగొస్తూ, మళ్లీ జరుపుతూ నాలుగు రౌండ్లు కొట్టాం. 74 దగ్గర 100 స్పీడు మోత చచ్చింది. కారణం తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కొమ్మ మూతి మూసి ఉంది, అందులో పొగ పారదు, మెయిన్ పైపు కంటే చల్లగా ఉంటుంది. అందుకే పొడవు నా రెండు లెక్కల మధ్య ఆగింది. సుద్దముక్కతో గీత పెట్టి పక్కా వెల్డింగ్ చేశాడు.

మీలో ఎవరైనా ఈ పని చేస్తే కొమ్మను తోకపైపు చివర మాత్రం పెట్టకండి. పైపు బయటికి తెరుచుకునే చోట అల ఒత్తిడి దాదాపు ఉండదు, కొమ్మ ఉన్నా లేనట్టే. మేము సైలెన్సర్‌కు ముందు పెట్టాం. కొమ్మ లావు మెయిన్ పైపు లావే ఉండాలి.

ముక్కుకు తెలియని పొగ

పని అయిపోయిందనుకున్నాం. వారం తర్వాత ఓనర్ మళ్లీ వచ్చాడు. "మోత లేదు, కానీ అమ్మకు తలనొప్పి పోలేదు" అన్నాడు. మా అన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ఈ మోడల్ బండ్లకు వెనక తలుపు దగ్గర గాలి సుడి తిరుగుతుంది. తలుపు రబ్బరు ఎండిపోతే తోకపైపు పొగ తిరిగి లోపలికి వస్తుంది. ఈ బండికి పొగను శుభ్రం చేసే కన్వర్టర్ లేదు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. చలికాలంలో గది తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రలోనే పోయినవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉంటాం కదా, అదే విషం. మోత మీద పడి మేమిద్దరం దీన్ని చూడనేలేదు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాం. మూడు చోట్ల సులువుగా వచ్చేసింది. కొత్త రబ్బరు వేశాం, వెనక లైట్ల కింద గాస్కెట్లు మార్చాం, తోకపైపును బంపర్ దాటి బయటికి పొడిగించాం. లోపల బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం కూడా పెట్టించాం. తలనొప్పి పోయింది.

శబ్దం పెంచడమే మగతనం అనుకునేవాళ్లకు ఒక మాట. ఎమిరేట్స్‌లో 2017లో వచ్చిన ట్రాఫిక్ నిబంధనల్లో గోల చేసే బండికి 2000 దిర్హాముల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు పెట్టారు. మన దగ్గర బుల్లెట్ల సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించిన ఫొటోలు కూడా చూశాం. ఈ 240జెడ్ నింపాదిగా వెళ్తే పక్కవాడికి తెలియదు. 4000 ఆర్‌పీఎం దాటించారా, ఒళ్లు పులకరిస్తుంది!

అర్బాబ్ జీతంలో పైసా పట్టుకోలేదు. మొన్న ఆదివారం అన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఇంకో పాత బండి వచ్చిందట, నాలుగు సిలిండర్లదట.

"సగం అంటే దీనికి రెండుతోనే గుణించాలె గదా తమ్మీ?"

"అవునన్నా" అన్నాను. జరిగే పైపు అప్పటికే కోసి పెట్టుకున్నాడట.