రాజీనామా వెనుక ఉన్న మాట

కదిరి నుంచి మదనపల్లె వెళ్ళే దారిలో ఉంటుంది తనకల్లు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, పాత అనంతపురం కరువు దాన్ని వదిలిపెట్టలేదు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూడటం ఇక్కడి రైతుల్లో ముస్లింలకైనా, ఇతరులకైనా ఒకటే. అందుకే ఇలాంటి ఊళ్ళో ఆడపిల్లకు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందంటే, ఆ ఇంటికి ఏటా తప్పకుండా కురిసే వాన దొరికినట్లే. తమ్ముడి ఫీజు, అబ్బా మందులు, బ్యాంకు అప్పు అన్నీ ఆ జీతం మీదే.

ఆ పిల్ల ఒకరోజు పెట్టెతో బస్సు దిగి, రాజీనామా చేశానంటే? ఎందుకని అమ్మీ అడుగుతుంది. "అక్కడ ఎదుగుదల లేదమ్మీ" అని జవాబు వస్తుంది. ఇంట్లో చెప్పుకోవడానికి అదే తేలికైన కారణం. రెండోది గొంతు దాటదు. రాత్రి షిఫ్టు ముగిశాక క్యాబులో ఒంటరి ప్రయాణం, పైఅధికారి పంపే సందేశాలు, కాదన్నాక మారిపోయిన అతని తీరు చెబితే, "మేం ముందే వద్దన్నాం కదా" అంటారని భయం. తన వల్ల చెల్లెలి చదువు కూడా ఆగిపోతుందేమోనని అంతకన్నా పెద్ద భయం. ఇలా అనే పెద్దలు మనలో తక్కువేమీ కాదు.

నిజానికి ఆ రెండు కారణాలూ తరచు ఒకటే. అమెరికాలో సూసన్ ఫౌలర్ అనే ఇంజనీరు 2015 నవంబరులో ఉబర్ సంస్థలో చేరి, 2016 డిసెంబరులో వదిలేసింది. మేనేజరు అసభ్య సందేశాలు పంపాడని ఫిర్యాదు చేస్తే, అతను బాగా పనిచేసేవాడంటూ మందలింపుతో సరిపెట్టారనీ, ఆ తర్వాత తాను వేరే విభాగానికి మారబోతే అడ్డుపడ్డారనీ 2017 ఫిబ్రవరిలో రాసింది. అదే ఏడాది జూన్‌లో ఆ సంస్థ 20 మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. సంస్థ అధిపతి ట్రావిస్ కలానిక్ కూడా ఆ నెలలోనే పదవి వదులుకున్నాడు.

మన దేశంలో అద్దాల మేడల్లో పనిచేసే అమ్మాయిలకు అండగా ఉన్న చట్టం ఒక పల్లెటూరి స్త్రీ కష్టం నుంచి పుట్టింది. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు భన్వరీ దేవి 1992లో అత్యాచారానికి గురయింది. దాని దరిమిలా దాఖలైన వ్యాజ్యంలో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖా మార్గదర్శకాలు ఇచ్చింది. (ఇది మన విశాఖపట్నం కాదు, వ్యాజ్యం వేసిన మహిళా సంస్థ పేరు.) అవే 2013లో చట్టమయ్యాయి.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. సంస్థ ఏర్పాటు చేసిన క్యాబు కూడా చట్టం దృష్టిలో పని స్థలమే. ఉద్యోగానికి, పదోన్నతికి ముప్పు తెస్తానని బెదిరిస్తూ వేధించడం కూడా లైంగిక వేధింపు కిందికే వస్తుంది. బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, విచారణ కాలంలో ఆమెకు మూడు నెలల వరకు సెలవు, బదిలీ సిఫారసు చేయవచ్చు. ఆరోపణకు గురైన అధికారి ఆమె పనితీరు నివేదిక రాయకుండా ఆపవచ్చు. ఎదుగుదలకూ భద్రతకూ ఉన్న ముడి చట్టం రాసినవారికి బాగానే తెలుసు!

కాగితం మీద ఉన్నదంతా అమలవుతోందని కాదు. 2023 మేలో సుప్రీంకోర్టు ఈ చట్టం అమలులో లోపాలను గట్టిగా ఎత్తిచూపింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ హిమా కోహ్లీ అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. కనుక అమ్మాయి వచ్చేసిందంటే, అన్ని దారులూ చూసే వచ్చి ఉండవచ్చు. సంబంధాలు వెతకడానికి తొందరపడే ముందు, అమ్మీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని ఇంకోసారి అడిగితే బాగుంటుంది.

రాజీనామాతో ఫిర్యాదు హక్కు పోదు. బాధితురాలు ఆ సంస్థలో ఉద్యోగిని అయినా, కాకపోయినా అనే చట్టంలో ఉంది. అయితే కంపెనీ లాప్‌టాప్ తిరిగి ఇచ్చేశాక అందులోని మెయిళ్ళు మళ్ళీ చేతికి రావు. తనకు వచ్చిన సందేశాల నకళ్ళు, తేదీలు, అప్రైజల్ కాగితాలు ముందే దాచుకోవాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పెంచవచ్చు. ఆ లెక్క అమ్మాయి తనకల్లులో బస్సు దిగిన రోజు నుంచి కాదు, చివరి సంఘటన జరిగిన రోజు నుంచే మొదలవుతుంది.